రాజు పోయిన ఇల్లు

మా ఇంట్లో ఒక రాజు పోయాడు. శుక్రవారం సాయంత్రం, మేమంతా మరమరాలు నములుతూ కూర్చుని ఉండగా పోయాడు. టీవీ సీరియల్లో రాజే అనుకోండి. అయినా మర్నాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వీధి ఆడవాళ్లంతా వచ్చి ఏడ్చారు. పాలవాడు హారను కొట్టకుండా బండి దిగి, "ఎవరు పోనారు?" అని గొంతు తగ్గించి అడిగాడు. బడిలో ఈ సంగతి చెబితే స్టాఫ్ రూమంతా పగలబడి నవ్వింది. నేనూ కలిసి నవ్వాను, నవ్వుకోవలసిన సంగతే మరి. కానీ ఆ రాజు పోయినందుకు నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్నకి నరసన్నపేట బజారులో గోనెసంచుల కొట్టు ఉండేది. వరి కోతలు మొదలైతే ఆయన ఇంటికి వచ్చేది పడుకోడానికే. ఒంటి నిండా పీచు, జుట్టు నిండా దుమ్ము. కోపం ముక్కు మీదే ఉండేది. కూలివాణ్ణి తిట్టి పొమ్మనేవాడు, వాడు వీధి మలుపు తిరిగేలోగా కేకేసి వెనక్కి పిలిచి టీ తాగించేవాడు. కరోనా ఏడు శ్రీకాకుళం ఆసుపత్రిలో చేరాడు, అక్కడే పోయాడు. ఇంటికి తేనివ్వలేదు, చూడనివ్వలేదు. ఎవరో తీసుకెళ్లారు, ఎవరో నిప్పు పెట్టారు, ఆ మాట మాకు ఫోన్లో చెప్పారు.

మా వైపు ఒక ఇంట్లో మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగులే క్యారియర్లలో అన్నం, చారు తెస్తారు. ఆడవాళ్లు గుమ్మంలో అడుగు పెడుతూనే రాగం ఎత్తుకుంటారు. ఇంటావిడ మెడ పట్టుకుని, పోయినవాడి మంచీ చెడ్డా చెప్పుకుని ఏడుస్తారు. తిరిగి వెళ్లి, తల మీద నీళ్లు పోసుకున్నాకే వాళ్ల ఇళ్లలోకి పోతారు. ఈ పనిలో మా అమ్మని మించిన మనిషి మా వీధిలో లేదు. ఎవరింటి నుంచి కబురు వచ్చినా క్యారియర్ పట్టుకుని ముందు బయల్దేరేది ఆవిడే. ఆవిడ రాగంలో పోయినవాడి గుణాలతో పాటు వాడి వస్తువులు కూడా వచ్చేవి. వాడి చేతికర్ర, వాడి మంచం, వాడి కళ్లజోడు, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి ఏడ్చేది. రాళ్లు కరిగేవంటే నమ్మండి.

అలాంటి మనిషి మొగుడు పోతే గుమ్మంలోకి ఒక్కరు రాలేదు. వాళ్లని అనడానికీ లేదు. రోజులు అలాంటివి. ఎదురింటి పిన్ని ఇంట్లో చంటి మనవరాలు, ఆవిడ మొగుడికి ఆ వారమే జ్వరం. ఇదంతా అమ్మకి తెలుసు, తెలిసినా మనసు ఒప్పుకోవాలి కదా. అమ్మా ఆ పిన్నీ ఒకే ఏడు ఈ వీధికి కాపురానికి వచ్చారు. పిన్ని అమ్మని 'అప్పా' అంటుంది, మా దగ్గర అప్ప అంటే అక్క. ఫోన్ వచ్చిన రోజు అమ్మ వీధి గుమ్మంలో పీట వేసుకుని, ఎదురింటి తలుపు వైపు చూస్తూ పొద్దస్తమానం కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి లేచి మా తలుపు వేసేసింది.

ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. నేను మెడ పట్టుకుంటే, "వదల్వే, పప్పు మాడిపోతాది" అనేది. వీధిలో ఎవరితోనూ మాటల్లేవు, చావులకీ పెళ్లిళ్లకీ వెళ్లడం మానేసింది. నాన్న చెప్పులు గుమ్మం పక్కన అలాగే ఉండేవి. తాను తియ్యదు, నన్ను తియ్యనివ్వదు. నాలుగేళ్లు ఇలాగే గడిచాయి. నా భయమంతా అదే. లోపల అంత బరువు మోస్తున్న మనిషి ఏ రోజు ఎలా కూలబడుతుందో ఎవరికి తెలుసు? అమ్మ ఒక్కసారి గట్టిగా ఏడిస్తే బాగుండునని కూతురు మొక్కుకోవడం విడ్డూరమే. నేను మొక్కుకున్నాను.

ఇక ఆ సీరియల్ సంగతి. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. సీరియల్ పెట్టింది నేనే, భక్తితో కాదు, తప్పులు పట్టడానికి. నాకదొక సరదా. ఎక్కడో హిందీలో తీసి తెలుగు మాటలు అతికించారు, పెదవులది ఒక దారి, మాటది ఒక దారి. ఒక కోట, ఒక రాజు, ఇద్దరు రాణులు, నమ్మదగని మంత్రి. మొదటి రోజే పెద్దరాణి జబ్బ మీద టీకా మచ్చ కనిపెట్టాను. రెండో రోజు రాజుగారి పళ్లెంలో బంగాళాదుంప వేపుడు పెట్టారు.

"అమ్మా, ఆ కాలానికి బంగాళాదుంప మన దేశానికే రాలేదు. పచ్చిమిరపకాయా రాలేదు" అన్నాను.

"ఆకలి మీద ఉన్నాడే పాపం, తిననీ. నువ్వు నోరు మూసుకుని సూడు" అంది అమ్మ.

నేను ఆశ్చర్యపోయాను. అమ్మ అప్పటిదాకా టీవీ ముందు కూర్చునేది కానీ చూసేది కాదు. మూడో రోజో నాలుగో రోజో రాజు మంత్రి మీద మండిపడి సభలోంచి పొమ్మన్నాడు. మంత్రి గడప దాటకముందే "ఆగు" అని వెనక్కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేనూ అమ్మ వైపు చూశాను. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకరే, ఇద్దరం ఆ మాట అనలేదు. ఆ మర్నాటి నుంచి ఏడున్నర అయ్యేసరికి అమ్మ వంట ముగించి, ముఖం కడుక్కుని, జడ వేసుకుని కూర్చునేది.

నిజం చెప్పొద్దూ, నాకూ రుచి పట్టింది. బడిలో నేను 'భూమి శిస్తు' అని బోర్డు మీద రాసి పిల్లల చేత రాయించే మాట, ఆ సీరియల్లో ఒక ముసలి రైతు వణుకుతూ రాజు ముందు వడ్ల గంప దింపడంగా కనబడింది. ఆ గంప అంచు చిరిగి ఉంది. వాడు గింజలు కారకుండా అరచేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ అరచేయి నాకెప్పుడూ తట్టలేదు. మర్నాడు తరగతిలో ఆ చేయి గురించే చెప్పాను. వెనక బెంచీ వాళ్లు కూడా విన్నారు.

ఇలా ఉండగా మా వీధికి కేబుల్ ఇచ్చేవాళ్లు ఆ చానెల్ తీసేశారు. మా ఇంట్లో ఉన్నది డిష్. వీధి మొత్తానికి ఆ రాజు మా ఇంట్లోనే మిగిలాడు. రెండు రోజులకి ఒక సంగతి గమనించాను. సరిగ్గా సీరియల్ వేళకి ఎదురింటి పిన్ని మా కిటికీ పక్క మునగచెట్టు కింద నిలబడి ఆకు దూస్తోంది. రోజూ మునగాకు కూర తినే ఇల్లు లోకంలో ఉంటుందా? అమ్మా చూసింది. చూడనట్టే ఉండి, "సౌండు పెంచవే" అంది.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి టీవీ బల్ల గోడ నుంచి జరిగి కిటికీ వైపు తిరిగి ఉంది.

"ఇదేంటమ్మా?"

"అటేపు ఎండ పడతన్నాది."

"రాత్రి ఏడున్నరకి ఎండేమిటే తల్లీ?"

"నీకు సోషలు తెలుస్తాది గానీ ఎండ తెల్దు. ఊరుకో."

ఊరుకున్నాను. పిన్ని పక్కన మరో ఇద్దరు చేరారు. వారం తిరిగేసరికి కిటికీ నిండా తలకాయలే. మాటలు మాత్రం లేవు. అమ్మ కిటికీ వైపు తిరిగి చూడదు, వాళ్లు లోపలికి రారు. చివరికి వాన వచ్చి పుణ్యం కట్టుకుంది. ఆ పూట ధారగా కురుస్తోంది, కిటికీ బయట నలుగురు చీర కొంగులు తల మీద వేసుకుని నిలబడ్డారు. లోపల రాజు వేటకి బయల్దేరుతున్నాడు. అమ్మ ఆయనతోనే అంది, "మారాజా, వోనలో నిలబడితే జలుబు సేస్తాది. తలుపు తీసే ఉన్నాది, లోపలికొచ్చి కూకోవచ్చు గదా!"

నలుగురూ వచ్చి కూర్చున్నారు. తడిసిన చీరల వాసనతో గది నిండిపోయింది. నేను తువ్వాలు ఇచ్చాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక వింత పద్ధతి నడిచింది. అమ్మా పిన్నీ ముఖాముఖి మాట్లాడుకోరు. అమ్మ రాజుతో మాట్లాడుతుంది, పిన్ని పెద్దరాణితో మాట్లాడుతుంది. "రాజుగారూ, మరమరాలు గిన్నెలో ఉన్నాయి, తీసుకోమనండి" అని అమ్మ అంటే, "రానీగారూ, ఉప్పు తగ్గినాదమ్మా" అని పిన్ని. నాకు నవ్వాగేది కాదు. మధ్యలో ఆ రాజ్యం వ్యవహారాలు కూడా వీళ్లే చూసుకునేవారు. చిన్నరాణికి పొగరని తేల్చారు. మంత్రికి పెళ్లి చేస్తే బుద్ధి వస్తుందని ఒకావిడ అంది, పెళ్లయితే ఉన్న బుద్ధీ పోతుందని ఇంకొకావిడ. వాళ్లకి ఆ కోట ఎన్నో వందల ఏళ్ల కిందటిది కాదు, మా వీధి చివర ఉన్న మరో ఇల్లు. నేను తేదీల్లో వెతికే కాలం వాళ్లకి పక్కింట్లో దొరికింది. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది.

ఆ శుక్రవారం రాజు యుద్ధానికి వెళ్లిన చోట జబ్బు పడ్డాడు. కోట చుట్టూ శత్రువులు, లోపలివాళ్లు బయటికి పోలేరు, బయటివాళ్లు లోపలికి రాలేరు. ఎక్కడో ఏటి ఒడ్డున డేరాలో ఒంటరిగా పోయాడు. సైనికులే కట్టెలు పేర్చారు, సైనికులే నిప్పు పెట్టారు. పెద్దరాణి కోట గోడ మీద నిలబడి దూరంగా పొగ చూసింది. ఎవరి పొగో ఆవిడకి తెలియదు. వార్తాహరుడు వచ్చి చెప్పేదాకా ఆ పొగ వైపు చూస్తూనే ఉంది.

గదిలో మరమరాలు నమిలే చప్పుడు ఆగిపోయింది. ఒక్కరు కూడా అమ్మ వైపు చూడలేదు. చూడకపోవడంలోనే అందరికీ అర్థమైందని నాకు తెలిసిపోయింది. టీవీ కట్టేద్దామని లేచాను. ఇంతలో ప్రకటనలు వచ్చాయి, అందులో అదే రాజు ప్యాంటూ చొక్కా వేసుకుని, నవ్వుతూ సిమెంటు బస్తా మీద చెయ్యి వేశాడు. మామూలు రోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. ఎవరూ నవ్వలేదు.

అమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. గోలెంలోంచి నీళ్లు ముంచుకుంటున్న చప్పుడు. చెంబు తరవాత చెంబు, తల మీద పోసుకుంటోంది. అయినవాళ్ల చావు కబురు వింటే మావాళ్లు చేసే స్నానం అది. నాన్న కబురు వచ్చిన రోజు ఆవిడ ఆ స్నానం చేసిందో లేదో కూడా నాకు గుర్తు లేదు. తడి జుట్టుతో వచ్చి తన చోట కూర్చుంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. సీరియల్ అయిపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే, వెళ్లొస్తామన్న మాట కూడా అనకుండా లేచి వెళ్లిపోయారు. చావింటి నుంచి వెళ్లేవాళ్లు ఆ మాట అనరు. కాసేపటికి ఎదురింటి పెరట్లో నీళ్ల చప్పుడు వినబడింది. తరవాత పక్కింట్లో, ఆ పై ఇంట్లో. వీధంతా తల మీద నీళ్లు పోసుకుంటోంది.

తెల్లారి నేను టీ పెడదామని అగ్గిపెట్టె తీశాను.

"పొయ్యి ముట్టించకు" అంది అమ్మ.

"అమ్మా, అది సీరియలే!"

"నాకు తెల్దేటి? నేనేటి ఎర్రిదాన్నా?"

అమ్మ వెళ్లి వీధి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఆ పీట, ఆ చోటు, ఆ చూపు. ఆ రోజు కూడా ఇలాగే కూర్చుంది కదా. ఈసారీ ఆ తలుపు తెరుచుకోకపోతే? ఎదురింటికి పరిగెత్తి పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కొద్దామా అనిపించింది. కానీ ఇలాంటివి పిలిచి చేయించుకునేవి కావు. బడికి టైమవుతోంది, ఆటో వచ్చి వెళ్లిపోయింది. నేను తలుపు వెనకే నిలబడ్డాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పిన్ని క్యారియర్ పట్టుకుని వీధి దాటి వచ్చి, మా గడప ముందు ఆగింది.

"రాజు పోయిన ఇల్లు గదా, పొయ్యి ఎలిగించి ఉండరు" అంది. "అన్నం, సారు తెచ్చినాను."

అమ్మ క్యారియర్ వైపు చూసింది కానీ చెయ్యి చాచలేదు. పిన్ని ఈసారి రాజుతో కాదు, రాణితో కాదు, అమ్మతోనే అంది: "ఆ పాలి రానేకపోనాను అప్పా. తలుపు ఎనకే నిలబడ్డాను. నువ్వు కూకున్నంతసేపూ సందులోంచి సూస్తానే ఉన్నాను. గడియ తీసినాను, మళ్లీ పెట్టినాను. ఇంట్లో సంటిగుంట ఉన్నాది గదా అని…"

"నువ్వొస్తావని కూకున్నానే" అంది అమ్మ. "నువ్వొక్కదానివి వస్తే సాలనుకున్నాను."

పిన్ని క్యారియర్ కింద పెట్టేసి అమ్మ మెడ పట్టుకుంది. ముందు ఏడ్చింది పిన్నే. తరవాత, నాలుగేళ్లుగా నేను వినని గొంతు లేచింది. అమ్మ రాగం ఎత్తుకుంది.

"నీ సెప్పులు గుమ్మం కాడే ఉన్నాయయ్యో! నీ గోనెసంచులు ఎవులు మడత పెడతారయ్యో! నీ టీ గళాసు బోర్లించే ఉన్నాదయ్యో! తిట్టి పొమ్మన్నోడివి, మళ్లీ పిలవకండా పోనావయ్యో!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే మెడ పట్టుకున్నారు. పాలవాడు వచ్చి అడిగింది అప్పుడే. పిన్ని కోడలు కళ్లు తుడుచుకుంటూ "రాజుగారు" అంది, వాడు ఇంకేమీ అడక్కుండా పాలు పోసి బండి నడిపించుకుంటూ వెళ్లాడు. నేను తలుపు వెనక కూలబడి అమ్మతో సమానంగా ఏడ్చాను. ఏడుస్తూనే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మధ్యాహ్నం అయ్యేసరికి మా ఇంట్లో క్యారియర్లు వరసగా చేరాయి. అన్నీ చారే. అమ్మ నాలుగు ముద్దలు తిని, "ఇందులో ఇంగువ ఎక్కువైనాది" అని పిన్నికి చెప్పింది. నేరుగా పిన్నికే.

రాజు పెద్దదినం నాడు మా పెరట్లో వీధంతా భోజనం చేసింది. మొదటి విస్తరి నాన్న ఫోటో ముందు వేశారు, రాజు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం అమ్మే నాన్న చెప్పులు తీసి, కడిగి, ఆరబెట్టి లోపల పెట్టింది. టీవీ బల్లని మళ్లీ గోడ దగ్గరికి జరిపింది.

"ఎండ తగ్గిందా?" అన్నాను.

"తగ్గినాదిలే" అంది.

కొన్ని నెలలకి ఆ సీరియల్ అయిపోయింది. రాజు కొడుకు గద్దె ఎక్కాడు, మంత్రి తపస్సుకి పోయాడు, అందరూ సుఖంగా ఉన్నారు. దాని చోట అత్తాకోడళ్ల గొడవేదో మొదలైంది, మావాళ్లకి నచ్చలేదు. ఇక సాయంత్రాలు మళ్లీ బోసిపోతాయేమోనని బెంగపడ్డాను. మర్నాడు ఏడున్నరకి అందరూ మామూలుగానే వచ్చి కూర్చున్నారు. టీవీ ఎవరూ పెట్టలేదు. మరమరాల గిన్నె మధ్యలోకి వచ్చింది.

అమ్మ నాన్న సంగతి మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో ఏదో మాట మీద ఆవిడ అలిగి అన్నం మానేసిందట. నాన్న చీకటితోనే లేచి, చెప్పకుండా సైకిలు తీసి, పొందూరు దాకా తొక్కుకుంటూ పోయి, దీపాల వేళకి ఖద్దరు చీరతో తిరిగి వచ్చాడట.

"ఎర్ర సైకిలు" అంది అమ్మ. "ఎర్రగా మెరుస్తా ఉండీది. నేను గుమ్మంలో నిలబడ్డాను. మలుపు కాడ ముందు ఆ ఎరుపే కనబడ్డాది."

నాన్న సైకిలు నల్లది. నేను దాని బారు మీద కూర్చుని పెరిగినదాన్ని. ఎర్ర సైకిలు మా ఇంట్లో ఏనాడూ లేదు. నోరు తెరవబోయాను.

"అవునప్పా, ఎర్రదే" అంది పిన్ని, తానూ అప్పుడు ఎదురు గుమ్మంలో నిలబడి చూసినట్టు. "మరి సీర ఏ రంగు తెచ్చినాడు?"

గదిలో అందరూ ముందుకి వంగారు. అమ్మ కళ్లు మా వీధి మలుపు దగ్గర ఉన్నాయి. అక్కడ మా నాన్న, పాతికేళ్లవాడు, చొక్కా చెమటకి తడిసి, చీర పొట్లం హ్యాండిలుకి కట్టుకుని, ఎర్ర సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. నేను నోరు మూసుకుని చూశాను.